రాజ్యాంగాన్ని కాల్చిన గారిసన్: క్రైస్తవుడు ప్రభుత్వంలో భాగస్తుడు కావచ్చా?

కృపాకర్_ఒంగోలు

అందరికీ వందనాలు. చాలా కాలంగా మనసులో మెదులుతున్న విషయం ఇక్కడ పెడుతున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

1854 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ దగ్గర ఒక తోపులో బానిసత్వ వ్యతిరేకుల సభ జరిగింది. వాళ్ల నాయకుడు విలియం లాయిడ్ గారిసన్ వేదికెక్కి, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న చట్టం ప్రతిని ముందు కాల్చాడు. ఆంథనీ బర్న్స్ అనే మనిషిని తిరిగి యజమానికి అప్పగించిన తీర్పును తర్వాత కాల్చాడు. చివరికి దేశ రాజ్యాంగానికే నిప్పంటించాడు. యెషయా 28వ అధ్యాయాన్ని తలుచుకుని దాన్ని మరణంతో చేసుకున్న నిబంధన, పాతాళంతో చేసుకున్న ఒడంబడిక అన్నాడు. జనం చేత ఆమెన్ అనిపించాడు.

అంత కోపం ఎందుకంటే, ఆ రాజ్యాంగంలో ఏముందో ఒకసారి చూడండి. ప్రతినిధుల సీట్ల లెక్కకు బానిసల్లో అయిదింట మూడు వంతులను కలుపుకోవచ్చు. అంటే ఓటు లేని మనిషిని చూపించి అతని యజమాని రాష్ట్రం సీట్లు పెంచుకుంటుంది. 1808 దాకా బానిసల దిగుమతిని కాంగ్రెసు ఆపకూడదు. ఒక రాష్ట్రం నుంచి పారిపోయినవాణ్ణి ఇంకో రాష్ట్రం అప్పగించాలి. 1850లో వచ్చిన చట్టం దీన్ని ఇంకా బిగించింది. విచారించే కమిషనరు ఆ మనిషిని అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ఫీజు. ఇదంతా చట్టబద్ధం. బర్న్స్‌ను బోస్టన్ వీధుల్లోంచి ఓడ దాకా నడిపించడానికి సైనికులను రెండు వైపులా నిలబెట్టారు. అదీ చట్టబద్ధమే.

గారిసన్ గొడవ ఆ మూడు నిబంధనలతో ఆగలేదు, నాకు ముఖ్యమనిపించింది అదే. అంతకు 16 ఏళ్ల ముందే, 1838 సెప్టెంబరులో బోస్టన్‌లో ఆయన, ఆయన స్నేహితులు కలిసి ఒక ప్రకటన చేశారు. ఏ మానవ ప్రభుత్వానికీ మేము విధేయత ఒప్పుకోము, దాన్ని ఆయుధంతో ఎదిరించము కూడా అన్నారు. పదవి వద్దు, ఓటు వద్దు, కోర్టుకెక్కి దావా వేయడమూ వద్దు. కొండమీది ప్రసంగాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే వేరే దారి లేదన్నది వాళ్ల వాదన. కీడును ఎదిరింపవద్దన్న ప్రభువు మాట గురువారం సాయంత్రం కూటానికి మాత్రమే చెప్పింది కాదు కదా.

రష్యా రచయిత టాల్‌స్టాయ్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. 1905 విప్లవం రోజుల్లో రష్యాలో అందరూ రాజ్యాంగం కావాలి, డ్యూమా (ఎన్నికైన చట్టసభ) కావాలి అంటుంటే ఆయన ఒప్పుకోలేదు. నిరంకుశుడి కింద బతికేవాడు బలవంతానికి లొంగినా లోపల స్వేచ్ఛగా ఉండగలడు. రాజ్యాంగం కింద బతికేవాడు పాలనలో తనకూ చెయ్యి ఉందనుకుంటాడు, అందుకే జరిగే హింసంతా న్యాయమని ఒప్పేసుకుంటాడు. ఆయన చెప్పిన దాని సారం ఇది.

నన్ను పట్టుకున్నది ఇదే. రాజు ఉరి తీస్తే ఆ పాపం రాజుది. 'భారత ప్రజలమైన మేము' అని మొదలైన పత్రం కింద ఉరి తీస్తే? అందులో నేనూ ఉన్నాను కదా. మీరేమంటారు?

దైవసేవకుడు_భీమవరం

బ్రదర్, వందనాలు. మీ భారం అర్థమైంది. కానీ వాక్యం స్పష్టంగా ఉంది. 'ప్రతివాడును పై అధికారులకు లోబడి యుండవలెను' అని రోమా 13లో ఉంది. దేవుని వలన కలిగినది తప్ప మరి ఏ అధికారమూ లేదు. పౌలు తనను కొట్టబోతే రోమా పౌరుణ్ణని చెప్పుకున్నాడు, కైసరు ఎదుట చెప్పుకొంటానని అడిగాడు. గారిసన్ భక్తిని నేను కాదనను, కానీ వాక్యానికి మించిన భక్తి ప్రమాదం. సంఘంలో యౌవనస్థులు ఇది చదివి ఓటు మానేస్తే రేపు మన మందిరాల మీదికి ఎవరైనా వస్తే ఎవరిని అడుగుతాం?

లాయర్_వెంకట్

నేను క్రైస్తవుణ్ణి కాను, విజయవాడలో ప్రాక్టీసు చేస్తాను. అయినా ఈ చర్చ నాకు చాలా విలువైనదిగా కనిపించింది, అందుకే రాస్తున్నాను.

కృపాకర్ గారూ, రాజ్యాంగం ప్రభుత్వానికి బలం ఇచ్చే పత్రమని మీరు అనుకుంటున్నారు. నా వృత్తిలో నాకు దాని రెండో వైపే ఎక్కువ కనిపిస్తుంది. పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలని రాసింది ఆ పత్రమే. అది తీసేస్తే అక్కడ దేవుని రాజ్యం రాదు, ఆ ఊళ్లో ఎవరికి మంది ఎక్కువో వాడి రాజ్యం వస్తుంది.

ఇంకోటి. గారిసన్ శిష్యుడిగా మొదలైన ఫ్రెడరిక్ డగ్లస్, తానే బానిసగా పుట్టినవాడు, 1851లో గురువుతో విడిపోయాడు. ఎందుకు? ఆ రాజ్యాంగాన్ని కాల్చడం కంటే దాన్నే బానిసత్వం మీదికి తిప్పడం మేలని తేల్చుకున్నాడు. మరుసటి ఏడాది రోచెస్టర్‌లో జులై 4 పండుగను నిలదీసిన ప్రసంగంలోనే రాజ్యాంగాన్ని స్వేచ్ఛాపత్రం అన్నాడు. కాల్చే తీరిక తెల్లవాడైన గారిసన్‌కు ఉంది. సంకెళ్లు తెలిసినవాడు మాత్రం చేతికందిన పనిముట్టు వదులుకోలేదు. చివరికి బానిసత్వం పోయింది 1865 రాజ్యాంగ సవరణతో. ఆ ఏడాది చివర గారిసన్ కూడా ఇక పని అయిందని తన పత్రిక ఆపేశాడు.

రాహేలు_బీడీ

పాస్టర్ గారూ, రోమా 13 గురించి ఒక్క మాట. పౌలు ఉత్తరంలో అధ్యాయాల గీతలు లేవు, అవి తర్వాతి వాళ్లు పెట్టుకున్నవి. 12వ అధ్యాయం చివర మీకు మీరే పగతీర్చుకొనవద్దు, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టు అని ఉంది. వెంటనే వచ్చే మాటల్లో అధికారి కోపం తీర్చే పరిచారకుడు. అంటే విశ్వాసికి వద్దన్న పనినే అధికారి చేస్తున్నాడు. దేవుడు అష్షూరును కర్రగా వాడుకున్నాడు, అందుకని యూదులు అష్షూరు సైన్యంలో చేరాలని ఎవరూ అనలేదు. లోబడమంటే అందులో చేరమని అర్థం రాదు. లోబడమని రాసిన పౌలును నీరో కాలంలో అదే రోమా అధికారులు చంపారని సంఘ సంప్రదాయం చెబుతోంది.

నన్ను ఎప్పుడూ ఆపేది 1 సమూయేలు. 8వ అధ్యాయం అందరికీ తెలుసు: రాజు కావాలని జనం అడిగితే, వాళ్లు తోసేసింది నిన్ను కాదు నన్నే అని దేవుడు సమూయేలుతో అంటాడు. రాజు మీ కొడుకులను రథాలకు తీసుకుంటాడు, పొలాల్లో మంచివి తీసుకుంటాడు, పదో వంతు తీసుకుంటాడు అని సమూయేలు ఏకరువు పెడతాడు. 10వ అధ్యాయం 25వ వచనం మీద మాత్రం ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. సమూయేలు రాజ్యపాలన పద్ధతిని ఒక గ్రంథంలో రాసి యెహోవా సన్నిధిలో ఉంచాడు. అదీ ఒక రాజ్యాంగమే! దేవుని సముఖంలో పెట్టిన రాజ్యాంగం. ద్వితీయోపదేశకాండం 17లో రాజు ధర్మశాస్త్రం ప్రతి రాసుకుని బతికినన్నాళ్లు చదువుకోవాలని కూడా ఉంది.

అది ఏం ఆపింది? నాబోతు కథ తీసుకోండి. అహాబు ద్రాక్షతోట అడిగాడు, పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. అహాబు కత్తి దూసి లాక్కోలేదు, ధర్మశాస్త్రం అడ్డొచ్చింది కాబట్టి అలిగి పడుకున్నాడు. యెజెబెలు ఏం చేసింది? పెద్దలకు ఉత్తరాలు, రాజముద్ర, ఉపవాసదినం, బహిరంగ విచారణ, ఇద్దరు సాక్షులు. మోషే అడిగిన సాక్షుల సంఖ్య సరిపోయింది. రాళ్లతో కొట్టి చంపారు. పద్ధతి ప్రకారమే. చట్టం బలవంతుణ్ణి ఆపుతుంది అన్న మాట ఆ పట్టణపు పెద్దలు నాబోతు భార్యతో చెప్పగలరా?

కాకినాడ_పౌలు

మనవైపు ఊళ్లలో 'క్రీస్తు సంఘం' బోర్డులు చూస్తాం కదా. ఆ సంఘాల అమెరికా పెద్దల్లో డేవిడ్ లిప్స్‌కంబ్ అని నాష్‌విల్‌లో ఉండేవాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది విశ్వాసి దక్షిణాది విశ్వాసిని చంపడం చూశాక, క్రైస్తవుడు ఓటు వేయకూడదు, పదవి చేపట్టకూడదు, సైన్యంలో చేరకూడదు అని 1866 నుంచి రాశాడు. పన్ను కట్టు, చట్టానికి లోబడు, దాన్ని నడపొద్దు. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చేసరికి ఆ బోధ దాదాపు మరుగున పడింది. మన దగ్గరికి సంఘం వచ్చింది గానీ ఈ మాట రాలేదు.

సువార్త_తెనాలి

అందరి మాటలూ చదివాను. మా ఊరికి చుండూరు దగ్గర. ఆ విషయం రాయకుండా ఈ చర్చలో మాట్లాడలేను.

1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను చంపి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. అంతకు ఆరేళ్ల ముందు కారంచేడులోనూ దళితులను చంపారు. కారంచేడు తర్వాత జరిగిన పోరాటాలు 1989 అట్రాసిటీ చట్టం రావడానికి ఒక కారణం. చుండూరు బాధితులు ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

కృపాకర్ అన్నా, నువ్వు చెప్పిన 1838 వాళ్లు కోర్టుకెక్కి దావా వేయము అన్నారు. చుండూరు ఆడవాళ్లకు ఆ మాట నువ్వు చెప్పగలవా? కోర్టు మెట్లు ఎక్కడం వాళ్లకు బతుకు పోరాటం. పొలం ఉన్నవాడు, పేరు ఉన్నవాడు కోర్టు వద్దనుకోవచ్చు. మాకు చట్టం కూడా లేకపోతే ఉన్నది భూస్వామి చెర్నాకోలే.

అలాగని వెంకట్ గారు చెప్పినంత సాఫీగానూ లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్నానని కాగితం మీద రాస్తే మా వాళ్లు బీసీ-సి అవుతారు, అట్రాసిటీ చట్టం రక్షణా పోతుంది. అందుకే ఇంట్లో బైబిలు, సర్టిఫికెట్లో హిందూ. ఈ అబద్ధం మా పిల్లలకు బడిలో చేర్చిన రోజే నేర్పిస్తున్నాం. 'మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను' అని ప్రభువు అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోనివ్వకుండా చేసింది ఏ దొరా కాదు, రాజ్యాంగం కింద వచ్చిన ఉత్తర్వు.

అంబేద్కర్‌కు ఈ రెండూ తెలుసు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, ఇక సత్యాగ్రహాలు వద్దు, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉండగా అవి అరాచకానికి వ్యాకరణం అన్నాడు. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో అదే మనిషి ఈ రాజ్యాంగాన్ని కాల్చేవాళ్లలో మొదటివాణ్ణి నేనే అన్నాడు. ఆ రోజు చర్చ దేని మీదో తెలుసా? మన ఆంధ్ర రాష్ట్రం బిల్లు మీద. కొత్త రాష్ట్రంలో చిన్న కులాలను పెద్ద కులాల నుంచి ఎవరు కాపాడతారన్నది ఆయన బెంగ. గారిసన్ కాల్చడం నాకు గౌరవమే. కానీ రాసిన చేత్తో కాలుస్తానన్నవాడి మాట నాకు ఎక్కువ బరువుగా ఉంది.

మోడరేటర్

చర్చ చాలా బాగా సాగుతోంది. కులాల పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. విషయం మీదే ఉండండి.

కృపాకర్_ఒంగోలు

సువార్తమ్మా, నువ్వు అడిగినదానికి తప్పించుకోకుండా జవాబు చెబుతాను. చుండూరు ఆడవాళ్లకు కోర్టుకు పోవద్దని నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. అడిన్ బల్లూ అని గారిసన్ మిత్రుడు, 1842లో మసాచుసెట్స్‌లోనే హోప్‌డేల్ అని ఒక ఊరు కట్టుకున్నాడు. ఆయుధం లేని, ప్రభుత్వానికి దూరంగా ఉండే క్రైస్తవ సమాజం. 1856లో ఎక్కువ వాటాలున్న అన్నదమ్ములిద్దరు డబ్బు వెనక్కి తీసుకోగానే అది కూలిపోయింది. అంటే ప్రభుత్వాన్ని బయటికి నెట్టినా సొమ్ము లోపలే ఉంది. నువ్వు చెప్పిన భూస్వామి చెర్నాకోల అదే. ఈ మార్గంలో నడిచేవాళ్లు దీనికి ఇంకా పూర్తి జవాబు చెప్పాల్సి ఉంది, అది ఒప్పుకుంటాను.

కానీ వెంకట్ గారూ, 1865 సవరణ గురించి. అది ఉత్త కాగితంతో రాలేదు, ఆరు లక్షలకు పైగా సైనికుల చావుతో వచ్చింది. పైగా ఆ సవరణలోనే నేరానికి శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లను చిన్న చిన్న నేరాలకు జైల్లో వేసి, ఖైదీలను గనులకు, తోటలకు కౌలుకిచ్చాయి. ద్వారం మూసినట్టే మూసి గడియ వేయలేదు.

ఆంథనీ బర్న్స్ ఏమయ్యాడో కూడా చెప్పాలి. రాజ్యాంగం, కోర్టు, సైన్యం కలిసి అతన్ని వర్జీనియాకు పంపాయి. మరుసటి ఏడాది బోస్టన్ నల్లవాళ్ల సంఘం, పాస్టర్ లియొనార్డ్ గ్రైమ్స్ కలిసి చందాలు పోగు చేసి 1,300 డాలర్లకు అతన్ని విడిపించారు. అతను తర్వాత కెనడాలో బాప్టిస్టు సేవకుడయ్యాడు. నేను కోరుకునే సంఘం అదే. ప్రభుత్వం పట్టి ఇచ్చినవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చుకునే సంఘం. మన సంఘాలు ఎమ్మెల్యే గారిని క్రిస్మస్ కేకు కోయడానికి పిలవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నల్గొండ_యాకోబు

నేను ఎంబీ (మెన్నొనైట్ బ్రదరన్) చర్చోణ్ణి. మా దగ్గరికి సువార్త తెచ్చినోళ్లలో మొదటోళ్లు అబ్రహాం ఫ్రీసెన్, మరియ ఫ్రీసెన్. 1889లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు. నల్గొండల బాప్టిస్టు మిషనుతోటి కలిసి పని చేసిండ్రు. వాళ్ల పూర్వీకులు 1527ల ష్లైట్‌హైమ్‌ల ఒక ఒప్పుకోలు రాసుకుండ్రు. కత్తి, అంటే ప్రభుత్వం శిక్షించే అధికారం, దేవుని ఏర్పాటే, కానీ క్రీస్తు పరిపూర్ణతకు బయట ఉన్నది. అందుకే విశ్వాసి న్యాయాధికారి కావొద్దు, ప్రమాణం చెయ్యొద్దు. అది రాసిన మైకేల్ సాట్లర్‌ను ఆ ఏడే మంటల్ల కాల్చి చంపిండ్రు.

ఇది కృపాకర్ చెప్పేదానికి దగ్గరనే గానీ ఒకటి కాదు. ప్రభుత్వం ఉండొద్దని మా వాళ్లు అనలే. ఉంటది, లోకానికి అవసరం, మనం మాత్రం అండ్ల చెయ్యి పెట్టొద్దు అన్నరు. టాల్‌స్టాయ్ లెక్క అసలది ఉండుడే పాపమంటే వేరే లెక్క. మా చర్చిల ఇప్పుడు పోలీసోళ్లున్నరు, సర్పంచులున్నరు. ఎవ్వరూ ష్లైట్‌హైమ్ పేరు వినలే. మిషనరీలు బడి పెట్టిండ్రు, దవాఖాన పెట్టిండ్రు, ఆ ఒక్క ముచ్చట ఎందుకు చెప్పలేదో నాకు సమజ్ కాలే.

లాయర్_వెంకట్

యాకోబు గారి మాటతో ఒక కేసు గుర్తొచ్చింది. 1985లో కేరళలో ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు, యెహోవాసాక్షులు, బడిలో జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది. రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని ముగించారు. తనకు పాట పాడననే వాళ్లకు కూడా చోటిచ్చింది ఆ రాజ్యాంగం. నేను దాన్ని నమ్మేది ఇందుకే.

రాహేలు_బీడీ

ఆ తీర్పు నాకూ ప్రాణం. కానీ చోటిచ్చేది అదే అయితే చోటు తీసుకునేదీ అదే అవుతుంది. దుఖోబోర్లను చూడండి. 1895లో కాకసస్‌లో తమ ఆయుధాలన్నీ కుప్పపోసి కాల్చిన రష్యా రైతులు. టాల్‌స్టాయ్ తన నవల రాబడి ఇచ్చి 1899లో ఏడు వేల మందికి పైగా కెనడాకు చేరడానికి సాయపడ్డాడు. కెనడా సైన్యంలో చేరనక్కర్లేదని మాటిచ్చింది, భూములిచ్చింది. తర్వాత రాజుకు విధేయత ప్రమాణం చేస్తేనే పట్టా అంది. వాళ్లు ప్రమాణానికి ఒప్పుకోలేదు. 1907లో సస్కాచెవాన్‌లో వాళ్లు సాగులోకి తెచ్చిన భూముల్లో చాలా భాగం పోయింది. జారు చేతిలో కాదు, పార్లమెంటున్న దేశంలో.

డల్లాస్_సుధీర్

అందరికీ నమస్కారం. మా సొంతూరు నరసాపురం దగ్గర. ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఈసారి రాయాల్సి వచ్చింది. నాకు అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూ వచ్చింది. దరఖాస్తులో చట్టం కోరితే ఆయుధం పడతావా అని ఒక ప్రశ్న ఉంది. ప్రమాణంలో కూడా ఆ మాట ఉంది. నేను శాంతి పక్షం. మా ఆవిడ సంతకం పెట్టేయండి, ఈ వయసులో మిమ్మల్ని యుద్ధానికి ఎవరు పిలుస్తారు అంటోంది. కానీ ప్రమాణం కదా. వెంకట్ గారూ, దారి ఏమైనా ఉందా?

లాయర్_వెంకట్

సుధీర్ గారూ, నేను అక్కడి లాయర్ని కాను, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని తప్పకుండా అడగండి. చరిత్ర మాత్రం చెప్పగలను. 1931లో కెనడా నుంచి వచ్చిన మాకింటోష్ అనే బాప్టిస్టు ప్రొఫెసరు, యేల్‌లో వేదాంతం చెప్పేవాడు, ప్రతి యుద్ధానికీ ముందుగా మాటివ్వలేనన్నందుకు అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో పౌరసత్వం నిరాకరించింది. 1946లో జిరార్డ్ అనే అడ్వెంటిస్టు కేసులో ఆ తీర్పును పక్కన పెట్టింది. ఇప్పుడు మత విశ్వాసం వల్ల ఆయుధం పట్టలేనని చూపిస్తే ఆ వాక్యం లేకుండా ప్రమాణం చేయవచ్చు. సైన్యంలో ఆయుధం లేని సేవ వాక్యం కూడా తీసేయమని అడగవచ్చు. పౌర అధికారుల కింద దేశానికి ముఖ్యమైన పని చేస్తానన్నది మాత్రం సాధారణంగా ఉంటుంది. ఒట్టు వేయకుండా దృఢంగా చెబుతున్నాను అనొచ్చు. మీ విశ్వాసం గురించి మీ మాటల్లో ఒక ఉత్తరం రాసుకోండి, మీ సంఘం నుంచి ఒకటి ఉంటే మంచిది.

డల్లాస్_సుధీర్

చాలా థాంక్సండీ. ఉత్తరం ఈ వారమే రాస్తాను. ఒకటి అడుగుతాను, ఇది కృపాకర్ గారికి. ఆయుధం మాట తీసేసినా రాజ్యాంగాన్ని సమర్థిస్తాను, రక్షిస్తాను అన్న వాక్యం ఉంటుంది, అది తీయరు. గారిసన్ అయితే అక్కడే ఆగిపోయేవాడు కదా?

కృపాకర్_ఒంగోలు

ఆగిపోయేవాడు. 1838 నాటి మాట ప్రకారం చూస్తే అసలు కష్టం ఆ వాక్యమే, ఆయుధం మాట దానికి కొసరు. నేనైతే ఆ వాక్యం అనలేను. కానీ నేను ఇక్కడ ఒంగోలులో పుట్టుకతో పౌరుణ్ణి, ఎవరూ నన్ను నిలబెట్టి ఆ మాట అనమనలేదు. మీకు పిల్లలు అక్కడ, ఉద్యోగం అక్కడ. నా మాట పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. మీకు గ్రీన్ కార్డు ఉంది కదా, దాని మీదే కొనసాగితే ఏం పోతుందో మీ లాయర్ని ముందు అడగండి. ఆయన ఏం చెప్పారో, మీరు ఏం తేల్చుకున్నారో ఇక్కడ రాయండి. ప్రార్థన చేస్తుంటాను.

సువార్త_తెనాలి

సుధీర్ అన్నా, మీ ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఆ మాట ఆమె బతుకు మీద కూడా పడుతుంది.